నలభై మిషన్లూ ఒక్కదాని కోసం ఆగాయి

మా ఆఫీసులో వారానికోసారైనా వినపడే మాట ఒకటుంది. "స్లోగా ఉందా? ఇంకో పది మిషన్లు వేసెయ్."

చెప్పడం తేలికే. చేయడం అంతకంటే తేలిక. క్లౌడ్‌లో కంప్యూటర్లు పెంచాలంటే స్క్రీన్ మీద ఒక అంకె మార్చితే చాలు. కాసేపట్లో కొత్త మిషన్లు వచ్చి వరసలో నిలబడతాయి. ఆ క్షణం నుంచే బిల్లు కూడా పెరుగుతుంది. పని మాత్రం చాలాసార్లు పాత నడకే నడుస్తుంది. పది మంది చేస్తే పదో వంతు టైములో అయిపోవాలి కదా, మరి ఎందుకు కాదు? కొన్నేళ్లుగా నా జీతం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను హైదరాబాద్‌లో డేటా ఇంజినీర్‌ని. పేరు పెద్దగా ఉంటుంది గానీ చేసేది ఒకరకంగా గుమాస్తా పనే. కోట్ల వరసలున్న పట్టికల్లోంచి అడిగిన లెక్క తీసి, అడిగిన టైముకి చేతిలో పెట్టాలి. "నిన్న ఏ షాపుకి ఎన్ని పేమెంట్లు వచ్చాయి, మొత్తం ఎంత?" అని డేటాబేస్‌ని అడగడాన్నే క్వెరీ అంటాం.

ఒక్క కంప్యూటర్ ఎందుకు చాలదో ముందు చూద్దాం. ఒక హార్డ్ డిస్క్ సెకనుకి 200 మెగాబైట్లు చదువుతుందనుకోండి. ఒక టెరాబైట్ డేటా చదవడానికి 5,000 సెకన్లు పడుతుంది. అంటే గంటా 23 నిమిషాలు. ఇంకా లెక్క మొదలే పెట్టలేదు, చదవడానికే ఇంత. అదే డేటాని వంద డిస్కుల మీద పంచి, వందా ఒకేసారి చదివితే 50 సెకన్లు. ఆలోచన ఇంతే. కంప్యూటర్‌ని పెద్దది చేయడం కాదు, చాలా కంప్యూటర్లకి పని పంచడం.

ఇది మన క్లౌడ్ కాలంలో పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో టెరాడేటా కంపెనీ 1979లోనే మొదలైంది. ఆ పేరులోనే ఉంది చూడండి, టెరాబైట్ అంటే లక్ష కోట్ల బైట్లు. ఇవాళ మన జేబులో పట్టే డిస్కులో దొరికే సైజు అది. అప్పట్లో మాత్రం ఊహకి అందని అంకె. 1980ల్లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో డేవిడ్ డెవిట్ బృందం గామా అనే ప్రాజెక్టు చేసింది. చిన్న కంప్యూటర్లని కలిపి ఒకే డేటాబేస్‌లా నడిపించడమే దాని ఉద్దేశం. అదే రోజుల్లో టోక్యో యూనివర్సిటీలో మసరు కిత్సురెగావా బృందం రెండు పెద్ద పట్టికల్ని జత కలపడానికి ఒక పద్ధతి కనిపెట్టింది. దాని సంగతి కాసేపట్లో మళ్లీ వస్తుంది.

పంచుకోవడానికి వీలైన లెక్క ఎలా ఉంటుందో మనందరం టీవీలో చూసే ఉంటాం. ఎన్నికల కౌంటింగ్. మామూలుగా ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌కి 14 టేబుళ్లు వేస్తారు. ఒక రౌండ్‌లో టేబుల్‌కో పోలింగ్ కేంద్రం చొప్పున ఈవీఎంలు తెస్తారు. ప్రతి టేబుల్ తన ముందున్న లెక్క తను తేలుస్తుంది. పక్క టేబుల్‌తో దానికి పనే లేదు. చివరికి రిటర్నింగ్ ఆఫీసర్ దగ్గరకి వెళ్లేది లక్షల ఓట్లు కాదు, టేబుల్‌కో చీటీ. ఆయన ఆ పద్నాలుగు చీటీలు కూడితే రౌండ్ ఫలితం వచ్చేస్తుంది.

మా డేటాబేస్ చేసేదీ అచ్చంగా ఇదే. ప్రతి మిషన్ తన వాటా డేటాలో షాపుల వారీగా మొత్తాలు వేసుకుంటుంది. ఆ చిన్న మొత్తాలే చివర్లో కలుస్తాయి.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, పంచడానికి వీల్లేని పని కొంత ఎప్పుడూ ఉంటుంది. చీటీలన్నీ కూడి సంతకం పెట్టాల్సింది ఒక్కరే. దీన్ని 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజినీర్ లెక్కకట్టి మరీ చూపించాడు. వంద నిమిషాల పనిలో పది నిమిషాల పని పంచడానికి కుదరదు అనుకోండి. మిగతా తొంభైని పది మిషన్లకి పంచితే మొత్తం 19 నిమిషాలు. వంద మిషన్లకి పంచితే 10.9 నిమిషాలు. వెయ్యి మిషన్లు తెచ్చినా పదికి కిందకి రాదు. పది నుంచి వందకి పోయినప్పుడు మిషన్లు పదింతలయ్యాయి, టైము మాత్రం సగానికి కాస్త పైనే ఆగింది. వంద నుంచి వెయ్యికి పోతే ఆ లాభం కూడా లేదు.

రెండో చిక్కు ఇంకా మొండిది. పద్నాలుగు టేబుళ్లలో పదమూడు ముగించి కూర్చున్నా, పద్నాలుగో టేబుల్ చీటీ వచ్చేదాకా ఆ రౌండ్ ఫలితం చెప్పలేరు. అంటే రౌండ్ పూర్తయ్యే టైముని అన్నిటికంటే ఆలస్యమైన టేబులే తేలుస్తుంది, మిగతా పదమూడూ ఎంత చురుగ్గా ఉన్నా సరే. నా అసలు కథ ఈ పద్నాలుగో టేబుల్ గురించే.

ఐదారేళ్ల కిందట నేను పనిచేసిన చోట షాపుల పేమెంట్ల లెక్క చూసేవాళ్లం. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది కదా, అలాంటి వ్యాపారం. పగలంతా కస్టమర్లు స్కాన్ చేసి కట్టిన డబ్బు లెక్క తేల్చి, ఫీజు తీసేసి, తెల్లారేసరికి ఏ షాపు ఖాతాలో ఎంత పడాలో బ్యాంకుకి ఫైల్ పంపాలి. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకి క్వెరీ మొదలవుతుంది. నాలుగింటికల్లా ఫైల్ వెళ్లాలి.

పాలబూత్ అతను, కూరగాయల షాపామె, టిఫిన్ సెంటర్ వాళ్లు, వీళ్లందరికీ ఆ డబ్బే మర్నాటి పెట్టుబడి. పొద్దున్నే మార్కెట్‌కి వెళ్లి సరుకు ఎత్తాలంటే ఖాతాలో డబ్బు ఉండాలి. ఫైల్ లేటైతే ఆ రోజు అప్పుకి సరుకు తేవాలి, లేదా బేరం తగ్గించుకోవాలి.

వ్యాపారం పెరిగేకొద్దీ క్వెరీ నెమ్మదించింది. ఇరవై మిషన్ల మీద 3 గంటల 50 నిమిషాలు పట్టే స్థితికి వచ్చింది. అంటే ముగిసేసరికి 4:50. పైవాళ్లు చెప్పిన మొదటి మందు ఏమిటో మీకు తెలుసు. మిషన్లు నలభై చేశారు. టైము 3 గంటల 25 నిమిషాలైంది. బిల్లు రెట్టింపు, కలిసొచ్చింది 25 నిమిషాలు. గడువు ఇంకా దాటుతూనే ఉంది.

అప్పుడు ఇంకో ప్రతిపాదన వచ్చింది. "పెద్ద వ్యాపారులతో అగ్రిమెంట్లున్నాయి కాబట్టి వాళ్ల డబ్బు ఆలస్యం చేయలేం. చిన్న షాపుల లెక్క విడిగా పగలు నడిపి, వాళ్లకి ఒక రోజు ఆలస్యంగా వేద్దాం." కాగితం మీద చూస్తే సబబుగానే ఉంది. చిన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు, కాబట్టి భారం వాళ్లదే అనుకున్నారు. వచ్చే సోమవారం మీటింగ్‌లో ఖాయం చేద్దామన్నారు.

నాకెందుకో ఆ లెక్క నప్పలేదు. లక్షల చిన్న షాపుల వల్లే ఆలస్యం అయితే, మిషన్లు రెట్టింపు చేసినప్పుడు టైము సగం కావాలి. చిన్న చిన్న ముక్కలుగా ఉన్న పని పంచుకోవడానికి అన్నిటికంటే తేలికైనది. సగం కాలేదంటే ఎక్కడో పంచబడని ముద్ద ఒకటి ఉందన్నమాట.

ఆ రాత్రి స్క్రీన్ ముందు కూర్చున్నాను. నలభై మిషన్ల పని నలభై గీతలుగా కనపడుతుంది. ముప్పై తొమ్మిది గీతలు అరగంటలోపే ఆగిపోయాయి. నలభయ్యో గీత మాత్రం సాగుతూనే ఉంది. ఒంటిగంటన్నర నుంచి నాలుగున్నర దాకా ముప్పై తొమ్మిది మిషన్లు ఖాళీగా కూర్చుని, ఆ ఒక్కదాని కోసం ఎదురుచూశాయి. వాటికి అద్దె మాత్రం నిమిషాల లెక్కన నడుస్తూనే ఉంది.

ఆ మిషన్ పాడైందా? కాదు. అలాంటిదీ జరుగుతుంది గానీ, దానికి మందు వేరే ఉంది. గూగుల్‌లో జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ 2004లో మ్యాప్‌రెడ్యూస్ గురించి రాసినప్పుడు ఈ వెనకబడే మిషన్ల సంగతి చెప్పారు. పని చివరికొచ్చాక ఇంకా మిగిలిన ముక్కల్ని వేరే మిషన్లకి కూడా ఇచ్చేస్తారు. ఎవరు ముందు ముగిస్తే వాళ్లది తీసుకుంటారు. ఈ ఏర్పాటు ఆపేసి చూస్తే వాళ్ల సార్టింగ్ పరీక్షకి 44 శాతం ఎక్కువ టైము పట్టింది. మాకు మాత్రం ఇది పనికిరాలేదు. ఆ వాటా ఏ మిషన్‌కిచ్చినా అంతే సేపు పడుతోంది. జబ్బు మిషన్‌ది కాదు, వాటాది.

ఆ వాటా తెరిచి చూశాను. దేశమంతా బ్రాంచీలున్న పెద్ద వ్యాపారి ఒకరు. అన్ని బ్రాంచీలకీ కలిపి ఒకే ఐడీ. మొత్తం పనిలో దాదాపు ఏడో వంతు ఆ ఒక్క ఐడీ మీదే ఉంది.

కారణం తెలిసింది. ఇక మిగిలింది మీటింగ్‌లో చెప్పడం. హ్యాష్, పార్టిషన్, స్క్యూ అంటే కోడ్ రాసేవాళ్లకి తప్ప ఎవరికీ ఎక్కదు. నిర్ణయం తీసుకునేదేమో కోడ్ రాయని వాళ్లు.

ఆ ఆదివారం చీరాల నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. ఆయనకి టిఫిన్ సెంటర్ ఉంది. మాటల్లో నా గొంతు విని, "ఏమ్మా, నిద్రపోవట్లేదా?" అన్నాడు.

"ఒక లెక్క తెమలట్లేదు బాబాయ్. నలభై కంప్యూటర్లు పెట్టినా ఆలస్యమే."

"నలభయ్యా! నేను ఒక్క నోట్‌బుక్‌తో నడుపుతున్నా గదమ్మా."

నవ్వుకున్నాక, మా ఇంట్లో పెళ్లయినప్పుడల్లా జరిగే పని ఒకటి గుర్తుచేశాను. చదివింపుల పుస్తకాలు. పెళ్లయిన మర్నాడు రెండు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారు. కొత్త పుస్తకంలో ఇప్పుడు ఎవరెంత చదివించారో ఉంటుంది. పాత పుస్తకంలో వాళ్లింట్లో శుభకార్యాలకి మనం ఎంతెంత ఇచ్చామో ఉంటుంది. పేరు పేరుకీ జత కలిపి చూసుకోవాలి.

డేటాబేస్ భాషలో దీన్నే జాయిన్ అంటారు. నలుగురు కూర్చుని చేయాలంటే ఎలా? ఊరికే తలో పాతిక పేజీలు పంచుకుంటే లాభం లేదు. నా దగ్గరున్న పేరుకి జత నీ దగ్గరున్న పేజీలో ఉండొచ్చు. అందుకని ఇంటిపేర్ల వారీగా పంచుకోవాలి. ఒక ఇంటిపేరుతో ఉన్నవన్నీ, రెండు పుస్తకాల్లోవీ, ఒకరి దగ్గరకే చేరతాయి. అప్పుడు జతలు ఎవరి దగ్గర వాళ్లకే దొరుకుతాయి. కిత్సురెగావా బృందం పద్ధతిలో కీలకం ఇదే. జత కలవాల్సినవి ఒకే గంపలో పడేలా ముందే విడదీయడం.

నేను ఇంతవరకు చెప్పానో లేదో, బాబాయ్ అందుకున్నాడు. "అట్టా పంచుకుంటే చచ్చామే! మన ఊళ్లో సగం మంది మన ఇంటిపేరోళ్లే గదా. మీ అత్త పెళ్లప్పుడు ఆ వాటా నాకిచ్చారు. మిగతావాళ్లు భోంచేసి పడుకున్నారు, నేను అర్ధరాత్రి దాకా కూర్చున్నా."

"మరి ఎలా తెమిల్చారు బాబాయ్?"

"ఏముందమ్మా, మీ తాత లేచొచ్చి తిట్టాడు. మనోళ్ల పేజీలు చించి నలుగురికీ ఇచ్చాడు. పాత పుస్తకంలో మనోళ్ల లిస్టు మాత్రం అందరికీ కావాలి గదా, దాన్ని తలా ఒకటి రాసుకోమన్నాడు."

మా తాత ఎలిమెంటరీ స్కూల్ మాస్టారు. కంప్యూటర్ చూడకుండానే పోయారు. ఆయన ఆ రాత్రి చేయించిన పనినే మా ఫీల్డ్‌లో సాల్టింగ్ అంటాం. ఉప్పు చల్లడం. పెద్ద ఐడీకి చివర ఒకటి నుంచి నలభై దాకా ఏదో ఒక అంకె తగిలిస్తాం. అప్పుడు డేటాబేస్‌కి అది ఒక వ్యాపారి కాదు, నలభై మంది వ్యాపారులు. నలభై మిషన్లకీ వాటా పడుతుంది. జత కలపాల్సిన రెండో పట్టికలో, అంటే ఫీజు రూల్స్ ఉన్న పట్టికలో, ఆ వ్యాపారి వరసల్ని నలభై కాపీలు తీస్తాం. కాపీలకి కాస్త ఖర్చవుతుంది. మూడు గంటలు ఊరికే కూర్చోవడంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. అన్ని ఐడీలకీ ఇలా చేయకూడదు. అలా చేస్తే కాపీలే కొండంత అవుతాయి. బరువున్న వాటికి మాత్రమే.

సోమవారం మీటింగ్‌లో చదివింపుల పుస్తకం కథే చెప్పాను. స్లైడ్ ఒక్కటే పెట్టాను, నలభై గీతల బొమ్మ. మా మేనేజర్ గోదావరి జిల్లా ఆయన. బొమ్మ చూసి, "అంటే ఆ పెద్దాయన ఒక్కడి కోసం ఊరందరికీ వడ్డన ఆపామా?" అన్నారు. అంతే సార్ అన్నాను. ఆలస్యానికి చిన్న షాపులు కారణం కాదు. వాళ్ల లెక్క అరగంటలోపే అయిపోతోంది. మనం శిక్ష వేయబోయింది వాళ్లకి.

మార్పు పెట్టి నడిపితే నలభై మిషన్ల మీద 40 నిమిషాల్లో ముగిసింది. మళ్లీ ఇరవైకి తగ్గించి చూశాం. గంటా పది నిమిషాలు. రెండుంబావుకల్లా ఫైల్ బ్యాంకుకి వెళ్లిపోయింది. మొదట్నుంచీ ఉన్న ఇరవై మిషన్లే సరిపోయాయి. ఒక రోజు ఆలస్యం ప్రతిపాదన మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అలాంటిదొకటి తమ మీదకి రాబోయి తప్పిందని ఆ షాపుల్లో ఎవరికీ తెలియదు.

ఇదేదో మాకు మాత్రమే వచ్చిన చిక్కు అనుకోకండి. 1992లో డేవిడ్ డెవిట్, జిమ్ గ్రే కలిసి పారలల్ డేటాబేస్‌ల మీద ఒక వ్యాసం రాశారు. ఈ రంగంలో చదివి తీరాల్సిన వ్యాసం అది. మిషన్లు పెంచినంతగా వేగం పెరగకుండా అడ్డుపడేవి మూడని అందులో చెప్పారు. ఒకటి, మొదలుపెట్టడానికే పట్టే టైము. కూలీలు పొలానికి చేరడానికే గంట పడితే, అరగంట పనికి వంద మందిని పిలవడం దండగ. రెండు, ఒకరికొకరు అడ్డుపడటం. పెళ్లి వంటకి పది మంది వంటవాళ్లున్నా నీళ్ల కుళాయి ఒక్కటే అయితే బిందెలతో క్యూ కట్టాల్సిందే. మూడోది స్క్యూ, అంటే పంపకంలో హెచ్చుతగ్గులు. మొదటి రెండూ మంచి మిషన్లతో, మంచి నెట్‌వర్క్‌తో చాలావరకు తగ్గుతాయి. మూడోది డబ్బుతో తగ్గేది కాదు. అది డేటా స్వభావంలోనే ఉంటుంది. షాపులన్నీ ఒకే సైజులో ఉండవు. ఊళ్లన్నీ ఒకే జనాభాతో ఉండవు.

కనిపించని స్క్యూ ఇంకొకటుంది. ఖాళీ గడులు. ఫోన్ నంబర్ తెలియనప్పుడు ఖాళీగా వదిలేస్తారు, లేదా పది సున్నాలు కొట్టేస్తారు. ఆ కాలమ్ మీద జత కలిపితే ఆ వరసలన్నీ పోయి ఒకే మిషన్ నెత్తిన పడతాయి. ఎన్ని వరసలు ఖాళీ అని ఒక్కసారి లెక్కపెట్టుకుంటే చాలు, చాలా రాత్రులు నిద్ర మిగులుతుంది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కూడా తెలివి నేర్చింది. 2020లో వచ్చిన స్పార్క్ 3.0 క్వెరీ నడుస్తుండగానే వాటాల సైజులు చూస్తుంది. జాయిన్‌లో ఏదైనా వాటా మిగతావాటికంటే బాగా పెద్దగా ఉంటే, దాన్ని తనే ముక్కలు చేసి, రెండో వైపు డేటాకి కాపీలు తీస్తుంది. మా తాత చేయించినట్టే. అలాగని కళ్లు మూసుకుని కూర్చోలేం. ముక్కలు చేయడానికి కుదరని చోట్లు ఇంకా ఉన్నాయి. పైగా ఎంత పెద్దదైతే 'బాగా పెద్ద' అనాలో ఆ అంకె మనమే సరిచూసుకోవాలి.

ఫ్రెషర్స్‌ని ఇంటర్వ్యూ చేసేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటుంది. ఇరవై మిషన్లలో పందొమ్మిది పని ముగించాయి, ఒకటి ఇంకా నడుస్తోంది, ఏం చేస్తావ్? కొందరు మిషన్లు పెంచుతామంటారు. కొందరు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తామంటారు. నిజం చెప్పాలంటే అవీ పనిచేసే సందర్భాలున్నాయి, కాబట్టి మార్కులు తీసేయను. కిందటేడు ఒక అమ్మాయి మాత్రం కాసేపు ఆలోచించి, "ఆ ఒక్కదాని దగ్గర ఏముందో ముందు చూడొచ్చా మేడం?" అంది.

ఇప్పుడు తను మా టీంలోనే ఉంది. రాత్రి లెక్కలన్నీ తనే చూస్తోంది.